మూలపడిన లారీ: ముందు కడుగు, తరువాత కదుపు



ఈ పూట పైర్లను గురించి గాని, ఎరువులను గురించి గాని నేను చెప్పబోవడం లేదు. ఆ పంటనూ, ఆ ఎరువునూ మోసి మోసి చివరకు మూలపడిన చిన్న లారీని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

ఇటువంటి బండ్లు మన పల్లెల్లో తక్కువేమీ లేవు. 1986లో టాటావారి 407 బజారులోకి వచ్చింది. అటు తరువాత ఆ తరహా చిన్న లారీలు ఊరూరికీ అలవాటైనవి. మిరప టిక్కీలు యార్డుకు చేర్చడం, టమాటా పెట్టెలు మండీకి తోలడం, తిరుగు ప్రయాణంలో యూరియా బస్తాలు, పురుగుమందు డబ్బాలు తెచ్చుకోవడం, అన్నీ ఆ బండితోనే. కొంతకాలానికి తోలే మనిషి లేకనో, మరమ్మతు ఖర్చుకు జడిసో దానిని చింతచెట్టు క్రింద ఆపుతారు. ఆపేటప్పుడు నాలుగు నెలలే అనుకుంటారు. చూస్తూ వుండగానే అయిదారేండ్లు గడిచిపోతవి.

మళ్ళీ ఒకనాడు బండి అవసరం పడుతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఏమిటంటే, ఎక్కడి నుంచో ఒక బ్యాటరీ అరువు తెచ్చి తాళం తిప్పడం. అదృష్టం బాగుండి ఇంజను అందుకున్నదా, “ఇంకేం, బండి బ్రహ్మాండంగా వుంది!” అంటారు. ఇల్లు అలకగానే పండుగ కాదు గదా! ఇంజను తిరగడం వేరు, బండి పనికి రావడం వేరు. ఆ బండి తొట్టిలో రేపు మీరు పశువుల దాణా పోస్తారు, తినే గింజలు పోస్తారు. ఆ బండి ఊరి నడివీధిలో పిల్లల మధ్యగా పోతుంది. కనుక మూడు ప్రశ్నలు వరుసగా వేసుకోవాలి. తొట్టి శుభ్రంగా వున్నదా? ఆపితే ఆగుతుందా? ఈ రెండూ అయిన తరువాతనే, నడుస్తుందా? ఈ వరుసను మాత్రం తప్పవద్దు.

డబ్బు ఖర్చు పెట్టబోయే ముందు ఒక గంట కూర్చుని కాగితాలు చూసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు అమలులో లేకపోతే, రిజిస్ట్రేషను వున్నా లేనట్లే లెక్క. ఎనిమిదేండ్లు దాటిన బండికి ఆ సర్టిఫికెట్టు ఏటేటా తీసుకోవలసి వుంటుంది. పన్ను, బీమా, పొగ సర్టిఫికెట్టు, పర్మిట్టు సంగతి కూడా రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి. ఛాసిస్ మీద కొట్టిన నంబరు, కాగితం మీది నంబరు ఒక్కటై వుండాలి. తుప్పు క్రింద నంబరు కనబడకపోతే ఇనుప బ్రష్షుతో గీకవద్దు. డీజిల్లో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి.

తరువాత ఒక చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. పుచ్చిన ఇనుము బొద్దుమంటుంది, రేకులు రేకులుగా రాలుతుంది. కమాను పట్టీలు బిగించే చోట్ల, అడ్డ దూలాలు కలిసే చోట్ల ఇట్లా రాలితే ఆ బండి మీద పైసా పెట్టవద్దు. 2021లో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాల తుక్కు విధానాన్ని ప్రకటించింది. అనుమతి పొందిన తుక్కు కేంద్రానికి బండిని అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్టు ఇస్తారు. ఎముక గట్టిగా వుంటే మాత్రం బండికి ఇంకా ఆయుష్షు వున్నట్లే. అటువంటి బండి విషయమే ఇక చెప్పుకుందాం.

బండి దగ్గరకు పోయేటప్పుడు చేతిలో పొడుగాటి కర్ర, టార్చిలైటు వుండాలి. ఏండ్ల తరబడి కదలని బండిలో ఎలుకలు కాపురం పెడతవి. ఎలుకల కోసం పాములు వస్తవి. సీటు క్రింద, ఇంజను మూత క్రింద, టైర్ల వెనుక నాగుపామో రక్తపింజరో చుట్టుకుని వుండవచ్చు. ముందు కర్రతో తట్టి చప్పుడు చేయండి, కాసేపు ఆగి వెలుతురు వేసి చూడండి. ఒకవేళ కాటు పడితే కోయడం, కట్టడం, నోటితో పీల్చడం, ఇవేవీ వద్దు. ఆ మనిషిని కదలనీయకుండా పాము విరుగుడు మందు వున్న ఆస్పత్రికి చేర్చండి.

చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టండి. బ్యాటరీ వుంటే దాని తీగెలు ఊడదీయండి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూరవద్దు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఎత్తిన తరువాత గట్టి స్టాండ్లు గాని, దిట్టమైన మొద్దులు గాని ఆనించి, చేత్తో వూపి చూసి, అప్పుడు క్రిందికి పోవాలి.

ఇక శుభ్రం. ముందు క్యాబిను సంగతి. ఎలుకల పెంటికలు, గూళ్ళు కనబడగానే చీపురు తీసుకుని ఊడ్చేస్తారు. అది తప్పు. ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. తలుపులు తెరచి అరగంట గాలి తగలనివ్వండి. లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగు పొడి కలిపి, తేరిన నీటిని పెంటికల మీద చల్లి, పది నిమిషాలు నాననివ్వండి. ముక్కుకు గుడ్డ, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని తడి గుడ్డతో ఎత్తి గోతిలో పూడ్చండి. ఎలుక మూత్రం వల్ల ఎలుక జ్వరం వస్తుంది. కాలి పగుళ్ళలో నుంచి, చేతి గాయాలలో నుంచి ఆ క్రిమి లోపలికి పోతుంది. శుభ్రం చేసిన రెండు మూడు వారాలలో జ్వరం, విపరీతమైన తలనొప్పి, పిక్కల నొప్పులు, కండ్లు ఎర్రబడడం వుంటే డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఎలుకలున్న బండి కడిగిన సంగతి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట వల్ల వైద్యం సులువవుతుంది.

ఈ బ్లీచింగు నీరు క్యాబినుకు మాత్రమే సుమండీ. తొట్టిలో పోయవద్దు. తొట్టి సందుల్లో పాత యూరియా, అమ్మోనియా ఎరువులు ఇరుక్కుని వుంటవి. వాటికి బ్లీచింగు తగిలితే ఊపిరాడనీయని విషవాయువు పుడుతుంది. కొన్ని పురుగుమందులు బ్లీచింగుతో కలిసి మరింత విషంగా మారతవి కూడా.

తొట్టి శుభ్రమే అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకో చెబుతాను. 1958లో కేరళలో ఒక ఘోరం జరిగింది. పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా చనిపోయినారు. కావాలని ఎవరూ కలిపినది కాదు. రవాణాలో మందూ, తిండిసరుకూ ఒక్కచోట చేరడం వల్ల వచ్చిన అనర్థం. ఆ తరువాత 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చినవి. తిండిసరుకులకు గాని, పశువుల దాణాకు గాని తగిలేటట్లు పురుగుమందులను తీసుకుపోరాదని ఆ నియమాలలో స్పష్టంగా వ్రాసినారు. మన చిన్న లారీ కూడా ఒక రవాణా సాధనమే గదా! ఒక ట్రిప్పు మందు డబ్బాలు, మరుసటి ట్రిప్పు తవుడు బస్తాలు మోసిన బండే.

బండి ఆగి ఏండ్లయింది, మందు ఇంకా వుంటుందా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కొన్ని మందులు ఎండకూ, తేమకూ త్వరగా విరిగిపోతవి. కొన్ని విరగవు. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వాడకం నిలిపివేయవలసిందని ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందు పత్తి పండే ప్రాంతాలలో తిరిగిన బండి అయితే ఆ మందు ఎప్పుడో ఒకసారి తొట్టిలో ఒలికే వుంటుంది. చెక్క పీల్చుకున్న మందు, ఎండా వానా తగలని సందులో, చాలాకాలం నిలుస్తుంది. మనం మరచిపోయినా చెక్క మరచిపోదు.

అందుచేత తొట్టి అడుగు చెక్కలను పరీక్షగా చూడండి. నూనె మరకలు, తెల్లటి పొక్కులు, ఘాటు వాసన వున్న చెక్కలను ఊడదీయండి. వాటిని ఎంత కడిగినా లాభం లేదు. ఊడదీసిన చెక్కను పొయ్యిలో పెట్టవద్దు, పొగ కూడా విషమే. గాడికి, కోళ్ళ గూటికి, ధాన్యం గాదెకు అసలే వాడవద్దు. వేరుగా మూట కట్టి, ఎక్కడ అప్పగించాలో వ్యవసాయ శాఖ వారిని అడగండి. క్రింద ఇనుప రేకు మీద మందు జిడ్డు వుంటే, దాని మీద పొడి మట్టి గాని, రంపపు పొట్టు గాని చల్లి పీల్చనివ్వండి. ఆ మట్టినీ వేరుగానే ఎత్తి పెట్టాలి.

ఆ తరువాత కడగడం. బకెట్టు నీటిలో రెండు గుప్పెళ్ళు బట్టల సోడా, కొంచెం సబ్బు పొడి కలిపి, గట్టి బ్రష్షుతో రుద్ది అరగంట వదలి, మంచినీటితో కడగండి. ఇట్లా మూడుసార్లు చేయాలి. సోడా నీటికి కొన్ని జాతుల పురుగుమందులు విరిగిపోతవి. అన్నీ విరగవు గనుకనే చెక్క మార్చమని చెప్పాను. పొడుగు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, బూట్లు లేనిదే ఈ పనికి దిగవద్దు. పిల్లలను, పశువులను దగ్గరకు రానీయవద్దు.

కడిగిన నీరు ఎక్కడికి పోతుందో ముందే చూసుకోండి. చెరువు గట్టున, కాలువ ఒడ్డున బండి కడగడం మనకు అలవాటు. ఈ బండికి ఆ అలవాటు పనికిరాదు. కొన్ని మందులు చుక్క పడితే చాలు, చేపలు తేలిపోతవి. బావికి, చెరువుకు దూరంగా, పైరు లేని బీడులో కడగండి. నీరు అక్కడే ఇంకాలి. అంత చేసిన తరువాత కూడా మొదటి కొన్నాళ్ళు ఆ తొట్టిలో విడి గింజలు, పచ్చిమేత పోయవద్దు. పోసే రోజున పట్టా పరచండి. ఇక మీదట మందు డబ్బాలకు మూత వున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి కేటాయించండి. చౌకైన బీమా అదే.

ఎరువుల వల్ల మరో చిక్కు వున్నది. యూరియా, పొటాష్ వంటివి గాలిలోని తేమను లాగుకుంటవి. వాటి పొడి పడిన ఇనుము ఎప్పుడూ చెమ్మగానే వుండి తుప్పు పడుతుంది. బురద గట్టిపడిన మూలలు గీకి, కడిగి, ఎండలో రెండు రోజులు ఆరనిచ్చి, వదులు తుప్పును ఇనుప బ్రష్షుతో రాలగొట్టి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆపైన రంగు వేయండి. తడి మీద వేసిన రంగు పొలుసులై లేస్తుంది.

శుభ్రం అయింది. ఇప్పుడు రెండవ ప్రశ్న, ఆపితే ఆగుతుందా?

బ్రేకు నూనెకు ఒక గుణం వున్నది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏండ్లు గడిచిన నూనెలో నీరు చేరి, లోపలి సిలిండర్లకు తుప్పు పట్టిస్తుంది. బ్రేకు వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై, పెడలు తొక్కితే స్పంజిలా దిగిపోతుంది. కనుక పాత నూనెలో కొత్త నూనె కలపడం కాదు, పాతదంతా తీసివేయాలి. నాలుగు చక్రాల డ్రమ్ములు విప్పించి, పట్టేసిన వీల్ సిలిండర్లు, గట్టిపడిన రబ్బరు వాషర్లు, పగిలిన గొట్టాలు మార్పించండి. లైనర్లకు నూనె గాని గ్రీజు గాని అంటి వుంటే తుడిచి వాడవద్దు, మార్చవలసిందే. బ్రేకు నూనె చేతికి అందలేదని ఇంజనాయిలు పోసేవారు వున్నారు. కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుక ఊడినట్లు, ఇంజనాయిలుకు రబ్బరు వాషర్లన్నీ ఉబ్బి మొత్తం పాడైపోతవి.

బ్రేకు గొట్టాలలోని గాలి తీయించిన తరువాత పెడలును గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి వుంచండి. అది మెల్లమెల్లగా క్రిందికి దిగిపోతే ఎక్కడో కారుతున్నదన్నమాట. చేతి బ్రేకు తీగె కూడా తుప్పుకు బిగుసుకుని వుంటుంది, దానినీ చూడాలి.

టైర్లను చూసి మోసపోవద్దు. పువ్వు నిండుగా వుంటుంది, ప్రక్కలు మాత్రం చీలికలు చీలికలుగా వుంటవి. నిలబడిన బండి బరువుకు అడుగున చదునుపడి వుంటవి. టైరు ప్రక్కన నాలుగు అంకెలు అచ్చుకొట్టి వుంటవి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2314 అని వుంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పదేండ్లు దాటిన టైరు మీద బరువు వేసి రోడ్డెక్కడం చావుతో చెలగాటమే. కమాను పట్టీలలో విరిగినది వున్నదేమో, చక్రాల బేరింగుల గ్రీజు గడ్డకట్టినదేమో ఇప్పుడే చూపించండి.

ఇక మూడవ ప్రశ్న, ఇంజను. తాళం తిప్పే ముందు చేయవలసిన పనులు కొన్ని వున్నవి.

గేజి పుల్ల తీసి ఇంజనాయిలు చూడండి. మజ్జిగలా తెల్లగా వుంటే లోపలికి నీరు దిగిందని గుర్తు. అప్పుడు మెకానిక్కును పిలవనిదే ముందుకు పోవద్దు. నల్లగా వున్నా పాతదంతా దించి, ఫిల్టరుతో సహా మార్చండి. ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పండి. ఎలుకలకు ఇష్టమైన చోటు అదే. అక్కడి పీచు, గింజల పొట్టు ఇంజను మింగితే పని అయిపోయినట్లే. ట్యాంకులోని పాత డీజిలు అడుగున నీరు, జిగట మడ్డి చేరి వుంటవి. అంతా దించి, ట్యాంకు కడిగించి, డీజిల్ ఫిల్టర్లు మార్చి, కొత్త డీజిలు పోయండి. రేడియేటరు, రబ్బరు గొట్టాలు, ఫ్యాను బెల్టు చూడండి.

ఎలుకలు కొరికిన తీగెలకు పైపైన టేపు చుట్టి వూరుకోవద్దు. రెండు తీగెలు తగిలితే బండి కాలిపోతుంది. కొరికిన ముక్క మార్పించి, ప్రతి లైనుకూ సరైన ఫ్యూజు వేయించిన తరువాతనే బ్యాటరీ బిగించండి.

ఇప్పుడు గేరు న్యూట్రలులో పెట్టి, ముందున్న పుల్లీ నట్టుకు స్పానరు వేసి ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పించండి. తిరిగితే సంతోషం. తిరగకపోతే బలవంతం చేయవద్దు. మరో బండికి కట్టి లాగించడం అసలే వద్దు. రింగులు సిలిండరుకు పట్టుకుని వుంటవి; లాగితే విరుగుతవి. ఇంజక్టర్లు విప్పించి, ఒక్కొక్క సిలిండరులో కొద్ది చుక్కల నూనె వేసి ఒకటి రెండు రోజులు ఆగండి. చుక్కలే సుమా, నిండుగా పోస్తే అదొక ప్రమాదం. ఓపికకు లొంగని ఇంజను సుత్తికి లొంగదు.

చేత్తో తిరిగిన తరువాత, డీజిలు ఆపే తీగె లాగిపట్టి, స్టార్టరుతో కొద్ది కొద్దిసేపు తిప్పండి. ఆయిలు పైదాకా ఎక్కుతుంది. ఆ పిమ్మట ఫీడ్ పంపు మీది చేతి పంపు కొట్టి, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా గాలి తీయాలి. ఇంజక్టరు నుంచి చిమ్మే డీజిలుకు వేలు అడ్డం పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. సూది గుచ్చినంత గాయమే అయినా వెంటనే ఆపరేషను చేయకపోతే వేలు పోవచ్చు.

మొదటిసారి స్టార్టు చేయడం ఆరుబయటనే చేయండి. మూసిన షెడ్డులో పొగ ప్రాణాలు తీస్తుంది. ఒకరు తాళం దగ్గర, ఒకరు ఇంజను దగ్గర, చేతిలో చదునైన చెక్క పలకతో వుండాలి. ఇంజను అదుపు తప్పి పరుగెత్తితే గాలి పోయే నోటికి ఆ పలకను అడ్డుపెడితే ఆగుతుంది. ఇంజను అందుకున్న కొద్ది క్షణాలలో ఆయిలు ఒత్తిడి చూపకపోతే వెంటనే ఆపివేయండి. చూపితే, తొందర లేకుండా పావుగంట నిదానంగా తిరగనివ్వండి. కారేది, వేడెక్కేది అప్పుడే బయటపడుతుంది. తరువాత ఖాళీ బండిని చదునైన పొలంలో నడకవేగాన పోనిచ్చి, నాలుగైదుసార్లు ఆపి చూడండి. బరువు వేయడం, రోడ్డెక్కడం కాగితాలన్నీ వచ్చిన తరువాతనే. దించిన పాత ఆయిలును డబ్బాకెత్తి మెకానిక్ షెడ్డుకు, పాత బ్యాటరీని అమ్మే దుకాణానికి అప్పగించండి. పంటకాలువ పాలు చేయవద్దు.

చివరిగా ఒక్క మాట. బండి బాగుపడగానే కోతల కాలంలో కూలీలను తొట్టిలో ఎక్కించుకుని పోవాలనిపిస్తుంది. అందరూ పోతున్నారు గదా అంటారు. సరుకు బండి తొట్టిలో పట్టుకోవడానికి ఆధారం లేదు. బండి ఒరిగితే మనుషులు మూటల్లా విసిరివేయబడతారు. సరుకు బండిలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికుల నష్టానికి బీమా కంపెనీ బాధ్యత వహించదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే పోయిన ప్రాణానికి జవాబు చెప్పవలసినవాడు బండి యజమానే. మిరప కోసే ఆడవాళ్ళు మన పొలానికి వస్తున్నారంటే మన మాట నమ్మి వస్తున్నారు. వారికి ఆటో కిరాయి ఇవ్వండి, మనకు పోయేదేమీ లేదు.

కనుక సోదరులారా, కాగితం చూడండి, ఎముక చూడండి, తొట్టి కడగండి, బ్రేకు బాగుచేయండి, ఆ తరువాత ఇంజనుకు చేయి వేయండి. ఈ వరుసలో పోతే ఒక నెల ఆలస్యం కావచ్చును. ఆ నెల తరువాత మీ ఇంటికి వచ్చే తవుడు బస్తాను మీ గేదె ముందు పోసేటప్పుడు గాని, బండి వీధి మలుపు తిరిగేటప్పుడు గాని, మీ గుండె దడదడలాడదు. అంతకన్నా కావలసిందేమిటి?